క్వార్ట్‌సైట్ ఎడారిలో శీతకాలము

అరిజోనా రాష్ట్రపు పడమటి అంచున, కాలిఫోర్నియా సరిహద్దుకు సుమారు 20 మైళ్ళ దూరములో క్వార్ట్‌సైట్ అనే చిన్న ఊరు ఉంది. 2020 జనాభా లెక్కలలో అక్కడి స్థిరనివాసులు రెండున్నర వేలకు లోపే. వేసవిలో ఎండ 45 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది కనుక ఆ నెలలలో ఊరిలో మనిషి కనబడడు. నవంబరు వచ్చేసరికి ఉత్తరాది రాష్ట్రముల నుంచి, కెనడా నుంచి మంచుకు ఓర్వలేని వృద్ధులు తమ చక్రాల ఇళ్ళతో దిగుతారు. జనవరి నాటికి ఊరి చుట్టూ ఉన్న రాళ్ళనేల అంతా బళ్ళతో నిండిపోతుంది. నేను, నా శ్రీమతి ఆ నేల మీద ఏడు శీతకాలములు గడిపాము.

మాకు వేరే ఇల్లు లేదు. ఒహాయోలో ఒక చిన్న పట్టణములో ముప్పై నాలుగేళ్ళు వైద్యము చేసి విరమించుకొన్నాక ఇల్లు అమ్మివేసి ఆర్.వి. కొనుక్కొన్నాము. పడక, పొయ్యి, స్నానపుగది, చిన్న ఫ్రిజ్ అన్నీ అందులోనే. ఏడాది పొడుగునా ఇలా తిరిగేవారిని ఇక్కడ ఫుల్ టైమర్లు అంటారు. “ఇల్లు అమ్ముకొని బండిలో కాపురముండవలసినంత కష్టమేమొచ్చింది?” అని గుంటూరు నుంచి మా అక్కయ్య ఫోనులో అడిగింది. మా తాతగారు కోటప్పకొండ తిరునాళ్ళకు గూడుబండి కట్టించుకొని, వంటసామానంతా వేసుకొని వెళ్ళి, అక్కడే మూడు రాత్రులుండి వచ్చేవారు. నాదీ గూడుబండే, తిరునాళ్ళు కాస్త పెద్దవి అని ఆమెకు చెప్పాను. ఆమె నవ్వలేదు.

క్వార్ట్‌సైట్ పక్కన ఉన్న విడిది పేరు లా పోసా. బ్యూరో ఆఫ్ లాండ్ మేనేజ్‌మెంట్ అనే కేంద్రప్రభుత్వ శాఖ ఇటువంటి దీర్ఘకాలపు విడుదులను 1983లో మొదలుపెట్టింది. లా పోసా వైశాల్యము 11,000 ఎకరములకు పైనే. సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండవచ్చు. మేము మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఏడు నెలలకు కట్టిన రుసుము 180 డాలర్లు. ఆ సొమ్ముకు మన చోట కరెంటు తీగ ఉండదు, నీటి కుళాయి ఉండదు, చెట్టు నీడ కూడా అరుదే. నీరు నింపుకొనడానికి, మురుగు వదలడానికి విడిదికంతటికీ ఉమ్మడి చోట్లు ఉంటాయి. కరెంటుకు బండి కప్పు మీద సౌరఫలకములు, రాత్రికి బ్యాటరీలు. పగలు ఇరవై డిగ్రీల హాయి, రాత్రి నాలుగైదు డిగ్రీల చలి. ఆకాశములో నక్షత్రములు మా చిన్ననాటి పల్లెలో కనబడినన్ని కనబడతాయి. అందుకే వెళ్తాము.

పాములు, తేళ్ళ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఆ మాట ముందే ముగిస్తాను. చలికాలములో అవి చాలావరకు బొరియలలోనే ఉంటాయి. బూట్లు దులిపి తొడుక్కొంటే, చీకటిలో దీపము లేకుండా నడవకుంటే చాలు. ఏడేళ్ళలో నేను చూసిన పాములు రెండు, రెండూ మార్చి నెలాఖరులోనే. ఆ ఎడారిలో నేను భయపడేది కనబడని వాటికి, ముందుగా చెప్పిరాని వాటికి.

వాటిలో మొదటిది దాహము. ఊరి శ్మశానములో ఒంటె బొమ్మతో ఒక చిన్న పిరమిడ్ ఉంది. అది హాజీ అలీ సమాధి. 1850లలో అమెరికా సైన్యము ఎడారి రవాణాకు ఒంటెలను తెప్పించినప్పుడు వాటిని తోలడానికి వచ్చినవాడు ఆయన. ఆయన పేరు పలకలేక ఇక్కడివారు హై జాలీ చేశారు. 1902లో ఈ ప్రాంతములోనే మరణించాడు. నీటిని పొదుపు చేసుకొనడానికి ఆయన ఒంటెలకున్న ఏర్పాట్లు మన శరీరమునకు లేవు.

చర్మము ద్వారా, శ్వాస ద్వారా మనకు తెలియకుండానే మామూలుగా రోజుకు 800 మిల్లీలీటర్ల వరకు నీరు పోతుంది. గాలిలో తేమ లేనిచోట ఇంకా ఎక్కువ పోతుంది. గుంటూరులో, బెజవాడలో ఉక్కకు చొక్కా తడిసి ఒంటికి అంటుకొంటుంది కనుక చెమట పట్టిందని తెలుస్తుంది. ఎడారిలో చెమట పుట్టినచోటే ఆవిరైపోతుంది. సాయంత్రము చొక్కా విప్పితే మెడపట్టీ మీద ఉప్పుచారలు మాత్రము కనబడతాయి. దానికి తోడు అరవై ఏళ్ళు దాటినవారిలో దాహము మందగిస్తుంది. రక్తములో లవణముల సాంద్రత పెరిగినా మెదడు నీళ్ళు తాగమని గట్టిగా హెచ్చరించదు. మూత్రపిండములకు మూత్రమును చిక్కపరచి నీటిని ఆదా చేసే శక్తి కూడా వయస్సుతో తగ్గుతుంది.

గూడుబండి వారికి ఇంకొక చిక్కు ఉంది. మరుగుదొడ్డి తొట్టి మా బండిలో 40 గాలన్లది. అది నిండితే బండి కదిలించుకొని డంప్ స్టేషనుకు వెళ్ళి, జనవరిలోనైతే వరుసలో గంటసేపు నిలబడాలి. ఆ శ్రమ తప్పించుకొనడానికి నీళ్ళు తాగడమే తగ్గించేవారిని పదుల సంఖ్యలో చూశాను. “డాక్టరుగారూ, మా తొట్టి ఇరవై రోజులు వస్తుంది” అని ఒకాయన గొప్పగా చెప్పారు. మీ కాళ్ళపిక్కలు రాత్రుళ్ళు పట్టేస్తున్నాయా, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా అని అడిగాను. రెండూ నిజమే. ఆయన రక్తపుపోటుకు లిసినోప్రిల్, మూత్రము జారీ చేసే మందు, మోకాళ్ళ నొప్పులకు దుకాణములో కొన్న ఐబూప్రొఫెన్ మూడూ కలిపి మింగుతున్నారు. శరీరములో నీరు తగ్గినవేళ ఈ మూడూ కలిస్తే మూత్రపిండములు దెబ్బతింటాయి. ఐబూప్రొఫెన్ ఆపించాను. తొట్టి ఇప్పుడు పది రోజులే వస్తోందని మరుసటి ఏడాది ఫిర్యాదు చేశారు.

అలాగని లోటాలకొద్దీ మంచినీళ్ళు తాగమని అందరికీ చెప్పడము కూడా నాకు సమ్మతము కాదు. థయజైడు జాతి మాత్రలు వాడే వృద్ధులు, ముఖ్యముగా స్త్రీలు, ఉప్పు లేకుండా వట్టి నీళ్ళే అతిగా తాగితే రక్తములో సోడియము పడిపోయి తికమక, తూలుడు, ఒక్కొక్కసారి మూర్ఛ వస్తాయి. గుండె నీరసించినవారికి నీటి కొలత వారి వైద్యుడే చెప్పాలి. నేను చేసే పని చాలా సాదా. ప్రతి ఉదయము మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకొంటాను. రెండు రోజులలో కిలో తగ్గితే అది కొవ్వు కాదు, నీరు. మూత్రము రంగు చూస్తాను. మధ్యాహ్నము రెండు గ్లాసుల పలుచని ఉప్పుమజ్జిగ తాగుతాను. బండిలో పెరుగు తోడుపెట్టడము నా శ్రీమతి పట్టుదల. రాత్రి చలికి తోడుకోకపోతే గిన్నెకు శాలువా చుట్టి మంచము మీద పెడుతుంది.

కనబడనిది రెండవది ధూళిలో ఉంటుంది. నైరుతి అమెరికా నేలలలో కాక్సిడియాయిడిస్ అనే శిలీంధ్రము ఉంది. నేల తవ్వినా, గాలి రేగినా దాని బీజములు లేచి ఊపిరితిత్తులలోకి పోతాయి. దాని వలన కలిగే వ్యాధిని ఇక్కడివారు వ్యాలీ ఫీవర్ అంటారు. సోకిన పదిమందిలో ఆరుగురికి ఏ లక్షణమూ ఉండదు. మిగిలినవారికి ఒకటి నుంచి మూడు వారములలో దగ్గు, జ్వరము, విపరీతమైన నీరసము, కొందరికి కీళ్ళనొప్పులు, కాళ్ళ మీద ఎర్రని కణుపులు వస్తాయి. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. మధుమేహము ఉన్నవారికి, వ్యాధినిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ముదిరే ప్రమాదము ఎక్కువ. అప్పుడు ఫ్లుకొనజోల్ వంటి శిలీంధ్రనాశకములు నెలల తరబడి వాడవలసి ఉంటుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటదు.

దీనిని ఇంత వివరముగా వ్రాయడానికి కారణము మా విడిది కంటే ఫీనిక్స్ నగరము. వ్యాధి ఎక్కువగా ఉండేది ఫీనిక్స్, టూసాన్ ప్రాంతములలోనే, అక్కడ తెలుగు కుటుంబములు చాలా ఉన్నాయి. పిల్లలను చూడడానికి వచ్చి ఆరు నెలలుండి వెళ్ళే తల్లిదండ్రులకు ఇంటికి చేరాక దగ్గు, జ్వరము, బరువు తగ్గుట కనబడి, ఎక్స్‌రేలో మచ్చ ఉంటే అక్కడి వైద్యులు మొదట క్షయ అనుకొంటారు. మన దేశములో అలా అనుకొనడము సబబే. కాని కఫములో క్షయక్రిములు కనబడకపోయినా, క్షయ మందులకు లొంగకపోయినా, “మేము అరిజోనాలో ఉండి వచ్చాము” అన్న ఒక్క మాట వైద్యునికి చెప్పండి. రక్తపరీక్షతో చాలావరకు తేలిపోతుంది. ఆ మాట రోగి చెప్పకపోతే వైద్యునికి తట్టే అవకాశము తక్కువ.

మూడవదానిని మా పొరుగునే చూశాను.

నాలుగవ శీతకాలములో మా పక్కన ఆరెగన్ నుంచి వచ్చిన దంపతులు ఒక చిన్న ట్రెయిలరులో ఉండేవారు. ఆయన లారీలు నడిపి విరమించిన మనిషి, ఆమె బడిలో వంట చేసేది. జనవరిలో ఒక రాత్రి నీరు గడ్డకట్టేంత చలి పడింది. తెల్లవారి ఏడున్నరకు ఆయన తలుపు తీసి మెట్టు మీద కూర్చుని వాంతి చేసుకోవడము నా శ్రీమతి కిటికీలో నుంచి చూసింది. వెళ్ళి అడిగితే రాత్రి తిన్న చేప పడలేదన్నారు. తల పగిలిపోతోందన్నారు. లోపల ఆమె మంచము మీద లేవలేక పడి ఉంది, ఆమెకూ తలనొప్పే. వారి కుక్క గుమ్మము దగ్గర కాళ్ళు చాపి, పిలిచినా చెవి కదపకుండా పడుకొని ఉంది. కుక్క చేప తినలేదు.

మూల ప్రొపేన్ హీటరు వెలుగుతోంది. చలికి కిటికీలు, కప్పులోని గాలిద్వారము బిగించి, సందులలో తువ్వాళ్ళు కుక్కారు. ముందు అందరినీ బయటకు లాగాము. నా శ్రీమతి 911కు ఫోను చేసింది. ఆయన వేలికి తగిలించే ఆక్సీమీటరు తీసి, “చూడండి డాక్, 98 ఉంది, నాకేమీ కాలేదు” అన్నారు. ఈ వాక్యమును పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. కార్బన్ మొనాక్సైడు వాయువు రక్తములోని హీమోగ్లోబిన్‌తో ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా కూడుతుంది. ఆ కూడికకు, ప్రాణవాయువు కూడికకు తేడా మామూలు ఆక్సీమీటరుకు తెలియదు. మనిషి ఊపిరాడక చనిపోతున్నా అది 98 చూపగలదు. చర్మము ఎర్రగా మారుతుందని పుస్తకములలో ఉంటుంది గాని బ్రతికి ఉన్నవారిలో అది అరుదు. ఇంట్లో ఒకరికి మించి ఒకేసారి తలనొప్పి, వికారము వచ్చి, బయటి గాలికి తగ్గుముఖము పడితే ముందు దీనినే అనుమానించాలి.

అంబులెన్సు వారు ముఖానికి తొడుగు పెట్టి ప్రాణవాయువు ఇస్తూ తీసుకొని వెళ్ళారు. మామూలు గాలిలో ఈ వాయువు రక్తములో సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, శుద్ధమైన ప్రాణవాయువుతో గంట, గంటన్నర చాలు. ఇద్దరూ మరునాటికి తిరిగివచ్చారు. కుక్క అంతకు ముందే లేచి మా ఉప్మా తిన్నది. వారి ట్రెయిలరులో హెచ్చరిక గంట ఉంది, కాని అది అర్ధరాత్రుళ్ళు ఊరికే కూస్తోందని ఆయన వారము క్రితమే బ్యాటరీ తీసి సొరుగులో పడవేశారు. తీసి చూస్తే వెనుక ముద్రించిన గడువు దాటి మూడేళ్ళయింది. ఆ గంటలకు కూడా మందులకున్నట్లే గడువు ఉంటుంది, చాలావాటికి ఐదు నుంచి ఏడేళ్ళు. మన ఊళ్ళలో ఆర్.వి.లు లేవు గాని, గాలి ఆడని స్నానపుగదిలో గ్యాసు గీజరు, తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి ఇదే పని చేస్తాయి.

ఇక మా సంగతి. ఐదవ ఏట నా శ్రీమతికి గుండె లయ తప్పడము, అంటే ఏట్రియల్ ఫిబ్రిలేషన్, మొదలైంది. గుండె గదిలో రక్తము గడ్డకట్టి మెదడుకు పోకుండా అపిక్సబాన్ వాడుతోంది. లా పోసా నుంచి దగ్గరి ఆసుపత్రులలో ఒకటి 35 మైళ్ళ ఉత్తరాన పార్కర్‌లో ఉంది. ఫీనిక్స్ దాదాపు 130 మైళ్ళు. మామూలుగా పక్షవాతము వస్తే నాలుగున్నర గంటలలోపు గడ్డ కరిగించే మందు ఇవ్వవచ్చు. ఆమె వాడే మందు ఒంట్లో ఉండగా సాధారణముగా అది ఇవ్వరు. రక్తనాళములోనికి సన్నని గొట్టము పంపి గడ్డను బయటకు లాగే చికిత్స పెద్ద నగరములలోనే దొరుకుతుంది. రాళ్ళ మీద కాలుజారి తలకు దెబ్బ తగిలితే అది వేరే ప్రమాదము. ఈ లెక్కలన్నీ నాకు తెలుసు. డాలసులో ఉన్న మా అబ్బాయికీ తెలుసు. “అమ్మను అంత దూరాన ఉంచి నీవు నిద్రపోగలుగుతున్నావా నాన్నా?” అని అడిగాడు. కొన్ని రాత్రులు పోలేదు.

ఆమెను అడిగాను. “ఏమండీ, డాలసులో పిల్లలు ఉద్యోగాలకు పోతే పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రము ఆరు దాకా ఆ ఇంట్లో నన్ను చూసేవారెవరు? ఇక్కడ నేను రోజూ నాలుగు మైళ్ళు నడుస్తున్నాను. అక్కడ నడిచేది వంటింటి నుంచి టీవీ దాకానే” అంది. ఇది వైద్యుడు తోసివేయగలిగిన వాదన కాదు. ఆ విడిదిలో ఉన్న నెలలలో ఆమె రక్తపుపోటు, చక్కెర రెండూ మెరుగ్గా ఉంటాయి, నిద్ర కూడా. ఒక పక్క అరుదుగా వచ్చే పెద్ద ఆపద, మరొక పక్క రోజూ దక్కే చిన్న ఆరోగ్యము. ఈ రెంటినీ ఒకే త్రాసులో తూచే పద్ధతి నాకు వైద్య కళాశాలలో ఎవరూ నేర్పలేదు.

కొన్ని షరతులు పెట్టుకొన్నాము. విడిదిలో లోపలి మూలలకు పోకుండా 95వ రహదారికి దగ్గరగానే బండి నిలుపుతాము. ఎడారిలో వీధిపేరు, ఇంటినంబరు ఉండవు కాబట్టి మేమున్న చోటు అక్షాంశ రేఖాంశములు పెద్ద అక్షరములతో వ్రాసి తలుపు లోపల అంటించాము. మందుల జాబితా, రక్తము పలుచబరచే మందు పేరు ఎర్రసిరాతో దాని కిందనే ఉంటుంది. మెడికేరులో ఒకే ప్రాంతపు ఆసుపత్రులకు కట్టివేసే పథకము కాక, ఏ రాష్ట్రములోనైనా మెడికేరు తీసుకొనే వైద్యుని వద్దకు పోగలిగే అసలు మెడికేరునే ఉంచుకొన్నాము. తిరిగేవారికి ఇది ముఖ్యము, చౌక పథకముల ప్రకటనలు చూసి మారిపోయినవారు తరువాత బాధపడడము చూశాను.

హీటరు సంఘటన తరువాత మా వరుసలోని తొమ్మిది బళ్ళవారము ఇంకొక ఏర్పాటు చేసుకొన్నాము. ఉదయము లేవగానే ప్రతివారు తలుపు పిడికి ఒక రంగుగుడ్డ కట్టాలి. ఎనిమిదింటికి గుడ్డ కనబడకపోతే పక్కవారు తలుపు తట్టాలి. గుంటూరులో ఒంటరిగా ఉండే మా అక్కయ్యకు చెబితే, “మా ఎదురింటి అమ్మాయి గుమ్మములో నా పాలపాకెట్టు ఇంకా ఉందేమోనని చూసి పోతుందిలే, నీవు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు” అంది.

ఆరెగన్ పెద్దమనిషి రెండేళ్ళ తరువాత వేసవిలో గుండెజబ్బుతో తన ఊళ్ళోనే పోయారు. ఇక ఆ ట్రెయిలరు రాదనుకొన్నాము. నవంబరు మూడవ వారములో ఆమె ఒక్కతే దానిని లాగుకొంటూ వచ్చింది. కారుకు ట్రెయిలరు తగిలించడము, వెనక్కు నడపడము డెబ్బై ఒకటవ ఏట నేర్చుకొన్నదట. మొదటి ప్రయత్నములో వంకరగా పెట్టి, మళ్ళీ తీసి, మూడవసారికి పాతచోటే సరిగ్గా నిలిపింది. ఒంటరిగా భయము లేదా అని నా శ్రీమతి అడిగింది. ఊళ్ళో ఇల్లు పెద్దదని, తాను లేవకపోతే అక్కడ ఎవరికైనా తెలియడానికి మూడు నాలుగు రోజులు పడుతుందని, ఇక్కడ ఎనిమిదింటికే తెలిసిపోతుందని ఆమె జవాబు.

ఆ సాయంత్రము నేను వెళ్ళి కొత్త హెచ్చరిక గంట బిగించి, మీట నొక్కి మోగించి చూశాను. కుక్క లేచి మొరిగింది. హీటరు ఆమె తేనే లేదు, మందపాటి దుప్పట్లు మూడు తెచ్చుకొన్నది. మరునాడు ఏడు గంటలకే ఆమె తలుపుకు పచ్చగుడ్డ కట్టి ఉంది. మాది ఇంకా కట్టలేదు.